చేలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఒలికితే ఏం చేయాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ నూనె నేలపాలయ్యే సందర్భాలు ముఖ్యంగా రెండు. మొదటిది తుఫాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడూ, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడూ కొబ్బరి, జీడి చెట్లతోపాటు కరెంటు స్తంభాలు, వాటిమీది ట్రాన్స్‌ఫార్మర్లు కుప్పకూలాయి. రెండోది దొంగతనం. ఊరికి దూరంగా, మోటార్ల కోసం బిగించిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రివేళ కిందికి దింపి, మూత విప్పి, నూనెను అక్కడే ఒంపేసి, లోపలి రాగి చుట్టలను మాత్రం పట్టుకుపోతారు. తెల్లవారి చేనికి వెళ్లిన రైతుకు మిగిలేది ఖాళీ డొల్ల, నల్లబడిన మట్టి. ఆ ఉదయం మీరు ఏ పని ముందు చేయాలో, ఏ పని అసలు చేయకూడదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ నూనెలో ఉండే అవకాశమున్న విషం పేరు పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్, పొట్టిగా పీసీబీలు. మన పత్రికల్లో పీసీబీ అంటే కాలుష్య నియంత్రణ మండలి. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి పీసీబీ అంటే ఫోను లోపలి ఆకుపచ్చ పలక. అందువల్ల అధికారులకు అర్జీ రాసేటప్పుడు రసాయనం పేరును పూర్తిగా రాయండి. లేకపోతే "పీసీబీ ఉందేమో పరీక్షించమని పీసీబీని కోరుతున్నాను" అని రాయవలసి వస్తుంది.

రెండు బెంజీన్ వలయాలు జతకూడిన అణువుకు ఒకటి మొదలు పది దాకా క్లోరిన్ పరమాణువులు తగిలించగా ఏర్పడే 209 పదార్థాల కుటుంబమిది. సులభంగా మండదు, విద్యుత్తును పోనివ్వదు, ఏళ్ల తరబడి వేడెక్కినా విరగదు. ఈ గుణాలను చూసే 1929లో అమెరికాలోని ఆనిస్టన్‌లో దీని వ్యాపార తయారీ మొదలైంది. మంటంటుకుంటే ప్రమాదమనుకున్న చోట్ల పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లలోనూ, కెపాసిటర్లలోనూ దశాబ్దాలపాటు నింపారు. యంత్రం లోపల సుగుణమైన ఆ మొండితనమే బయటికొచ్చాక దోషమైంది. 1966లో స్వీడన్ శాస్త్రవేత్త సోరెన్ యెన్‌సెన్ చేపల్లోనూ, గద్దల్లోనూ ఇది పేరుకున్నట్టు బయటపెట్టాడు. అమెరికాలో తయారీ 1977లో ఆగింది. మన దేశంలో దీన్ని తయారుచేయలేదు గాని, దిగుమతైన యంత్రాలతో, నూనెతో వచ్చి చేరింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన చేలల్లో స్తంభాలమీద కనిపించే ట్రాన్స్‌ఫార్మర్లలో అత్యధికం పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ నూనెతో నడిచేవే. వాటిలో పీసీబీని ఎవరూ కావాలని పోయలేదు. అయితే పాత రోజుల్లో పీసీబీ నూనెను వడగట్టిన యంత్రంతోనే ఖనిజ నూనెనూ వడగట్టడం, అవే డ్రమ్ముల్లో, అవే గొట్టాలతో నింపడం వల్ల కొన్నింటిలోకి అది కొద్ది మోతాదుల్లో చేరింది. ఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో చేరిందో రంగు చూసి, వాసన చూసి, వేళ్ల మధ్య రాసి చూసి ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క కారణంతోనే, పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా తెలియని నూనెను పీసీబీ ఉన్న నూనెగానే చూడాలని నేను గట్టిగా చెబుతాను.

ముందు కరెంటు, తరువాతే నూనె

ట్రాన్స్‌ఫార్మర్ పడి ఉందంటే తీగలు కూడా పడి ఉండవచ్చు. పీసీబీ చేసే హాని నెలలమీద, ఏళ్లమీద తెలుస్తుంది. కరెంటు చేసే హానికి క్షణం చాలు. నీరు నిలిచిన మడిలో తీగ కనబడకపోవచ్చు కాబట్టి చేలోకి దిగకండి, పశువులను దిగనివ్వకండి. 1912కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటు, దగ్గరి స్తంభంమీది నంబరు చెప్పండి. మీ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటుకూ, ఆ ప్రాంతపు లైన్‌మన్‌కూ చెప్పండి. లైను ఆపామని వారు స్వయంగా చెప్పేదాకా గట్టుమీదే ఉండండి. దొంగతనమైతే పోలీసులు వచ్చి చూసేదాకా డొల్లను కదపకూడదు.

ఆ ఎదురుచూసే వేళ వృథా కాదు. గట్టుమీది నుంచే ఫోనులో ఫొటోలు తీయండి: డొల్ల, మరక వ్యాపించిన మేర, నీరు పారే వాలు, దగ్గరలోని బోరు లేక నేల బావి. సమయం, తేదీ ఒక కాగితంమీద రాసి పెట్టుకోండి. పంట నష్టం అడగడానికైనా, మట్టి తీయించమని అడగడానికైనా ఈ ఫొటోలే మీ సాక్ష్యం.

పేరు పలకను చదవండి

లైను ఆగిందని నిర్ధారణ అయ్యాక, నూనె తొక్కకుండా వెళ్లగలిగితే, డొల్లకు బిగించిన లోహపు పలకను ఫొటో తీయండి. దానిమీద మూడు విషయాలు చూడాలి. ఒకటి, తయారైన సంవత్సరం: 1980లకు ముందుదైతే అనుమానం పెరుగుతుంది, తరువాతిదైతే తగ్గుతుందే తప్ప పోదు, ఎందుకంటే మరమ్మతుల్లో పోసిన నూనె వయసు పలకమీద ఉండదు. రెండు, నూనె పరిమాణం: ఎన్ని లీటర్లు ఒలికిందో అంచనా దీని నుంచే వస్తుంది. మూడు, చల్లబరిచే పద్ధతిని సూచించే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. అవి 'ఓ ఎన్ ఏ ఎన్' అయితే లోపలిది ఖనిజ నూనె అని అర్థం. మొదటి అక్షరం 'ఎల్' అయితే మంటంటుకోని కృత్రిమ ద్రవమని అర్థం. పాత యంత్రంమీద ఈ అక్షరం కనిపిస్తే అక్కడి నుంచి వెనక్కి వచ్చేసి, ఆ సంగతి అధికారులకు మొట్టమొదట చెప్పండి. ఆస్కరెల్, అరోక్లోర్, పైరనాల్, ఇనర్టీన్, క్లోఫెన్, కనెక్లోర్, సోవ్‌టోల్ అనే పేర్లలో ఏది కనిపించినా అది పీసీబీయే.

ఎల్ అక్షరం ఉన్నవి చేలల్లో కనిపించడం అరుదు. అవి ఎక్కువగా కార్ఖానాల లోపల, గదుల్లో పెట్టేవారు. మన రెండు జిల్లాల్లో జూట్ మిల్లులు, చక్కెర మిల్లులు, ఫెర్రో కార్ఖానాలు ఎన్నో నడిచాయి, కొన్ని మూతబడ్డాయి. వాటిలో పీసీబీ ఉందని నేనడం లేదు; పాత మిల్లు సామాను వేలంలో కొనేవారు కెపాసిటర్ డబ్బాల్ని, ట్రాన్స్‌ఫార్మర్లను తూకానికి కొనేముందు పలక చదవాలని మాత్రమే అంటున్నాను.

నీటిలో చుక్క వేసి చూసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అసలైన పీసీబీ ద్రవం నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి మునుగుతుంది, ఖనిజ నూనె తేలుతుంది. ఈ మాట నిజమే. కాని పీసీబీ కొద్దిగా కలిసిన ఖనిజ నూనె కూడా తేలుతుంది కాబట్టి, తేలింది కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. కాలిన రాగి తీగను నూనెలో ముంచి మంటలో పెట్టి, ఆకుపచ్చ వెలుగు వస్తుందేమో చూసే పద్ధతిని మీరు ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి; కారణం తరువాత చెబుతాను.

నూనెను కదలనివ్వకండి

చాలామంది మొదట చేసే పని బకెట్లతో నీళ్లు పోసి కడగడం. అదే పెద్ద పొరపాటు. నీళ్లతో పీసీబీ కరగదు, కొట్టుకుపోయి గెడ్డలోకి, చెరువులోకి చేరి, అక్కడి బురదను పట్టుకుని దశాబ్దాలు ఉంటుంది. ఎక్కడ పడిందో అక్కడే ఆపడం మీ లక్ష్యం.

నేల పొడిగా ఉంటే మరక చుట్టూ, వాలు వైపు ఎక్కువ ఎత్తుగా, జానెడు మట్టికట్ట వేయండి. దాని లోపల ఊక, రంపపు పొట్టు, పొడి ఇసుక, వీటిలో దొరికినదాన్ని చల్లి నూనెను పీల్చుకోనివ్వండి. పైన టార్పాలిన్ పట్టా కప్పి అంచులమీద రాళ్లు పెట్టండి, వాన పడితే ఈ పట్టాయే ఆదుకుంటుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను వచ్చేసరికి మన మడుల్లో నీరు నిండుగా ఉంటుంది కాబట్టి ఈ పొడి పద్ధతి చాలాసార్లు కుదరదు. అప్పుడు ముందుగా ఆ మడి గండ్లన్నీ మూసి, నీరు పై మడి నుంచి రాకుండా, కింది మడికి పోకుండా కట్టడి చేయండి. ఎండుగడ్డిని లావుపాటి తాడులా మెలివేసి, నీటి పైతేటమీద అడ్డంగా పరిస్తే తేలే నూనెను అది ఆపుతుంది, కొంత పీల్చుకుంటుంది కూడా. ఈ పని కాళ్లకు రబ్బరు బూట్లు, చేతులకు నైట్రైల్ అనే నూనెకు తట్టుకునే రబ్బరు తొడుగులు వేసుకునే చేయాలి. తొడుగులు దొరక్కపోతే గట్టుమీద నుంచి గెడకర్రతో గడ్డిని నెట్టడమే మేలు. ఒట్టి కాళ్లతో నూనె నీటిలోకి దిగడం కంటే, పది గజాల వరి పోతే పోనివ్వడం మంచిదని నా అభిప్రాయం.

ఆ గడ్డిని పశువులకు వేయకూడదు, కల్లంలో ఆరబెట్టకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. నూనె తాగిన ఊక, గడ్డి, తొడుగులు అన్నీ మూతగల ఇనుప డ్రమ్ములోనో, రెండు పొరల మందపాటి పాలిథిన్ సంచిలోనో వేసి, మూతి కట్టి, "ట్రాన్స్‌ఫార్మర్ నూనె వ్యర్థం, ముట్టరాదు" అని రాసి, నీడలో, పిల్లలకు అందని చోట ఉంచండి. సంబంధిత శాఖ వచ్చి తీసుకునేదాకా దాన్ని ఎక్కడికీ తరలించకండి.

ఒంటిమీద పడితే

పీసీబీ చర్మం గుండా లోపలికి పోతుంది. పడిన బట్టలను వెంటనే తీసివేసి, సబ్బుతో, ధారగా నీళ్లతో పావుగంట కడగండి. మోటారు మెకానిక్కులకు జిడ్డును కిరసనాయిలుతో గాని, థిన్నర్‌తో గాని కడిగే అలవాటుంది. ఇక్కడ అది చేయకూడదు, అవి నూనెను చర్మంలోకి ఇంకా తేలికగా పోనిస్తాయి. కంట్లో పడితే రెప్పలు తెరిచి నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లండి. ఎవరైనా మింగితే వాంతి చేయించడానికి ప్రయత్నించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది; 108కు ఫోన్ చేయండి. నూనె పట్టిన బట్టలను ఇంట్లో మిగతా బట్టలతో కలిపి ఉతకకుండా ఆ వ్యర్థపు సంచిలోనే వేయండి.

కోళ్లు, పశువులు, చేపలు

ఇది నేను కొంచెం ఎక్కువసేపు చెప్పాలనుకుంటున్న భాగం, ఎందుకంటే మనుషుల్లోకి పీసీబీ వచ్చేది ముఖ్యంగా కొవ్వుండే జంతు ఆహారం ద్వారానే.

1968 ఫిబ్రవరిలో పశ్చిమ జపానులో ఉన్నట్టుండి కోళ్లు చనిపోసాగాయి. దాదాపు 4 లక్షల కోళ్లు పోయాయి. వాటి దాణాలో కలిపినది ఒక తవుడు నూనె మిల్లులో మిగిలిన ఉప ఉత్పత్తి. ఆ మిల్లులో తవుడు నూనెను వాసన పోవడానికి వేడిచేసే గొట్టాల్లో కనెక్లోర్ అనే పీసీబీ ద్రవం తిరిగేది. గొట్టంలోంచి అది కారి నూనెలో కలిసింది. కోళ్ల చావును హెచ్చరికగా తీసుకుని ఉంటే కొంతైనా ఆగేది; తీసుకోలేదు. అదే ఏడాది అదే నూనెతో వండుకున్నవారికి ముఖంమీద, వీపుమీద నల్లటి మొటిమలు, గోళ్లు నల్లబడడం, కళ్ల నుంచి జిగట కారడం, అంతులేని నీరసం వచ్చాయి. సుమారు 14,000 మంది జబ్బుపడ్డామని చెప్పుకున్నారు. జపానువారు దీన్ని యూషో, అంటే నూనె జబ్బు, అన్నారు. 1979లో తైవాన్‌లో తవుడు నూనెతోనే ఇదే ప్రమాదం మళ్లీ జరిగి దాదాపు 2,000 మంది బాధితులయ్యారు. విషం తిన్న తల్లులకు తరువాతి సంవత్సరాల్లో పుట్టిన పిల్లల్లో కూడా ఎదుగుదల, తెలివి పరీక్షల్లో వెనకబాటు కనిపించింది. తవుడు నూనె మన వంటింటిదే కాబట్టి ఈ కథ దూరదేశపు కథలా నాకు అనిపించదు. తప్పు తవుడు నూనెది కాదు, దాన్ని వేడిచేసిన ద్రవానిది.

నాటు కోళ్లు మట్టిని గీరి తింటాయి. మట్టిలోని పీసీబీ వాటి కొవ్వులోకి, అక్కడి నుంచి గుడ్డు పచ్చసొనలోకి చేరుతుంది. కాబట్టి మరక పడిన చోటుకు కోళ్లు, బాతులు వెళ్లకుండా వలకట్టి మూసేయండి. వెళ్లి ఉంటే పరీక్ష ఫలితం తెలిసేదాకా ఆ గుడ్లు తినకండి, అమ్మకండి. పాడి పశువు ఆ గడ్డి మేస్తే పాల వెన్నలోకి వస్తుంది. ఆ మేతను వెంటనే మార్చండి. చెరువులోకి నూనె పోయి ఉంటే చేపల్లో మొదట అనుమానించవలసినవి బురదలో తిరిగే కొవ్వుచేపలు. కాచినా, వేయించినా, ఎండబెట్టినా పీసీబీ విరగదు. తోలు, కడుపులోని కొవ్వు, పేగులు తీసేసి వండితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ చెరువుమీద పట్టే చేపను పరీక్ష అయ్యేదాకా సంతకు తేవద్దని పంచాయతీలో చెప్పించండి. అలా చెప్పించడం వల్ల ఊళ్లో కొందరికి మీమీద కోపం వస్తుంది, రానివ్వండి.

మొక్కలు వేళ్ల ద్వారా పీసీబీని పెద్దగా పీల్చుకోవు. మట్టి అంటుకునే దుంపలకూ, నేలకు తాకే ఆకుకూరలకూ ప్రమాదం ఎక్కువ; మరక ఉన్న చోట ఆ పంట వేయకండి. నీటి సంగతికొస్తే, పీసీబీ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి లోతు బోరుకు వెంటనే ముప్పు తక్కువ, నూనె పొర నేరుగా చేరిన నేల బావి నీళ్లు మాత్రం తాగవద్దు, కాచి తాగినా ప్రయోజనం లేదు.

ఆ నూనెను వాడకండి, కాల్చకండి

ఇది రాయడానికి నాకు ఒక కారణముంది. నా చిన్నతనంలో మా బంధువుల ఇంట ఒక డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉండేది. మోకాళ్ల నొప్పులకు రాసేవారు, గుమ్మాలకు చెద పట్టకుండా పూసేవారు, బండి ఇరుసుకు వేసేవారు. "ఏటౌద్ది బాబూ, నూనే కదా" అనేవారు. వారిది అమాయకత్వమే, ఆ డబ్బాలో ఏముందో వారికీ తెలియదు, ఇచ్చినవారికీ తెలియదు. అటువంటి డబ్బా మీ ఇంట్లో ఉంటే మూత గట్టిగా బిగించి, పేరు రాసి, బయట నీడలో పెట్టండి, కాల్వలో ఒంపకండి. ట్రాన్స్‌ఫార్మర్ నూనె వచ్చిన ఖాళీ డ్రమ్ముల్లో ధాన్యం, తాగునీరు, పశువుల కుడితి నిలవచేయడం ఈరోజే మానండి. వాడిన నూనెను దాణాకొవ్వులోకి చేరనిస్తే ఏమవుతుందో 1999లో బెల్జియం చూసింది: సేకరించిన వంట కొవ్వుల్లో సుమారు 50 కిలోల పీసీబీ కలిసి కోళ్ల దాణాగా మారి, దేశమంతటా గుడ్లు, మాంసం అంగళ్ల నుంచి తీసేయవలసి వచ్చింది.

కాల్చడం మరింత ప్రమాదం. పీసీబీని పూర్తిగా నాశనం చేయాలంటే 1,200 డిగ్రీలు దాటిన వేడిలో, తగినంత గాలితో, తగినంత సేపు ఉంచే ప్రత్యేక కొలిమి కావాలి. కళ్లంలో వేసిన మంట, ఇటుకబట్టీ, గ్రామ చెత్తకుప్ప ఆ స్థాయికి చేరవు. అరకొర మంటలో పీసీబీ ఫ్యూరాన్లు అనే వేరే రసాయనాలుగా మారుతుంది, అవి మూల పదార్థంకంటే ఎన్నో రెట్లు విషం. జపాను బాధితుల్లో కూడా ఎక్కువ హాని చేసినవి వేడికి పుట్టిన ఫ్యూరాన్లేనని తరువాత తేలింది. రాగి తీగ పరీక్ష వద్దన్నది ఇందుకే. పాత ఇనుము కొట్లలో రాగి కోసం కెపాసిటర్లను, తీగ చుట్టలను కాల్చేవారు ఈ పొగను రోజూ పీలుస్తున్నారు. వారికి ఈ సంగతి ఒక్కసారి చెప్పండి. బిగించి ఉన్న కెపాసిటర్ డబ్బాను పగలగొట్టవద్దు, సుత్తితో కొట్టవద్దు, కారుతున్నట్టు కనిపిస్తే వేరుగా సంచిలో వేసి పెట్టమనండి.

ఎవరికి, ఏమని చెప్పాలి

ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదో వారిదే బాధ్యత. చేలోది విద్యుత్ పంపిణీ సంస్థదైతే మీ సెక్షన్ ఆఫీసులోని ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి; ఫోన్ మాటలకు విలువ తక్కువ. అదే కాగితం నకలు మీ జిల్లాను చూసే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. చెరువులోకి లేక గెడ్డలోకి నూనె చేరి ఉంటే తహశీల్దారుకు కూడా ఇవ్వాలి. వారంలో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి.

అర్జీలో వీటిని ఉంచండి: చోటు, తేదీ, పలకమీది తయారీ సంవత్సరం, నూనె పరిమాణం, నాలుగు అక్షరాలు, మరక వ్యాపించిన మేర, దగ్గరి బావి, చెరువు. అడగవలసినవి మూడు: నూనెలో, మట్టిలో పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ పరీక్ష చేయించి ఫలితం రాతపూర్వకంగా ఇవ్వాలని, మట్టిని తవ్వించి ప్రమాదకర వ్యర్థంగా తీయించాలని, డ్రమ్ములోని వ్యర్థాన్ని తీసుకెళ్లాలని. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు పీసీబీల తయారీని, దిగుమతిని నిషేధించి, వాడకానికి 2025 డిసెంబరు 31ని గడువుగా పెట్టింది. ఇలాంటి విరగని విషరసాయనాలను అరికట్టడానికి దేశాలు చేసుకున్న, భారత్ 2006 జనవరిలో ఆమోదించిన స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం వ్యర్థాన్ని సురక్షితంగా నిర్వహించడానికి 2028 గడువు. ఈ రెండు వాక్యాలను అర్జీలో చేర్చడానికి మొహమాటపడకండి.

మండలివారు మొదట చిన్న కిట్‌తో పరీక్షించవచ్చు. అది పీసీబీని కాక, నూనెలోని మొత్తం క్లోరిన్‌ను చూస్తుంది. అందువల్ల లేదని చూపితే నమ్మవచ్చు. ఉందని చూపితే అప్పుడు ప్రయోగశాలలో, నూనెలోని పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీతో నిర్ధారించాలి. సముద్రపు ఉప్పు కలిసిన నూనె కూడా ఆ కిట్‌ను మోసం చేయగలదు కనుక, మన తీరగ్రామాల్లో ఈ తేడా ముఖ్యం. ఫలితం వచ్చాక అంకెను చూడండి: స్టాక్‌హోమ్ ఒప్పందం పట్టించుకునే కింది గీత 0.005 శాతం, అంటే పది లక్షల భాగాల్లో 50 భాగాలు. మీ నూనె అంతకన్నా తక్కువ వచ్చినా దాన్ని తలకు, మోకాలికి రాసుకోవడానికి అది అనుమతి కాదు. మన ప్రమాదకర వ్యర్థాల నియమాలు వాడిన నూనెను శుద్ధిచేసి మళ్లీ వాడుకోవడానికి ఒప్పుకునే హద్దు ఇంకా చిన్నది, 2 భాగాలకన్నా తక్కువ. మీరే నమూనా తీయమంటే గాజు సీసాలో తీయండి, ప్లాస్టిక్ సీసా వద్దు. నూనెను ముక్కుకు దగ్గరగా తేకండి.

ఆరోగ్యం గురించి ఎంతవరకు అనుమానించాలి

ఒకసారి కాలికి తాకినంతలో జబ్బు వస్తుందని భయపడవద్దు. నష్టం ముఖ్యంగా మోతాదుమీద, పదేపదే తాకడంమీద, తిండి ద్వారా ఏళ్లపాటు చేరడంమీద ఆధారపడుతుంది. కొన్ని రకాల పీసీబీ శరీరంలో సగానికి తగ్గడానికి పది సంవత్సరాలు కూడా పట్టవచ్చు, బయటికి తోసేసే మందు లేదు. ఎక్కువ మోతాదులో తగిలినవారిలో ముఖం, చెవుల వెనుక, వీపుమీద తేలికగా నయం కాని మొటిమలు, గోళ్ల రంగు మారడం, కంటి జిగట కనిపిస్తాయి. కాలేయం, థైరాయిడ్, రోగనిరోధక శక్తి దెబ్బతినవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో పీసీబీలను మానవులకు క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో చేర్చింది, ముఖ్యంగా మెలనోమా అనే చర్మ క్యాన్సర్ సాక్ష్యంతో.

రక్తంలో పీసీబీ చూసే పరీక్ష మామూలు ల్యాబుల్లో దొరకదు కాబట్టి, దాని పేరుచెప్పి డబ్బు తీసుకునే చోట జాగ్రత్త పడండి. పైన చెప్పిన లక్షణాలు ఉంటే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, విజయనగరంలోనో చర్మవ్యాధుల విభాగంలో చూపించి, నూనెతో తాకిన సంగతి, ఎన్నాళ్లు తాకిందో చెప్పండి. బాలింతలు పాలివ్వడం మానవద్దు. పీసీబీ తల్లిపాలలోకి వస్తుందన్నది నిజమే, అయినా పాలిచ్చే లాభమే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అయితే నూనెలో పనిచేసే భర్త బట్టలు వారి చేతికివ్వకుండా విడిగా ఉతికించాలి. గర్భిణులు, చంటిపిల్లలు ఆ చేను వైపు వెళ్లకూడదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం పీసీబీయేనా అని ఎవరైనా అడగవచ్చు. అలా తేల్చిన రుజువు లేదు. ఆ జబ్బు వెనుక ఏముందో ఇంకా వెతుకుతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ నూనెను దానికి అంటగట్టి అర్జీ రాస్తే మీ అసలు అర్జీ బలహీనపడుతుంది, కాబట్టి రాయవద్దు.

మట్టి తీశాక

మట్టిని తవ్వేవారు మరక కనిపించిన దానికంటే కొంత లోతుగా, కొంత వెడల్పుగా తవ్వుతారు. ఎంత తవ్వారో అడిగి రాసుకోండి. తవ్విన గోతిని ఫొటో తీయండి. దాని అడుగు మట్టి నమూనాను మళ్లీ పరీక్షించి, ఫలితం కాగితం మీకివ్వాలి. అది ఇచ్చాకే కొత్త మట్టి నింపించండి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించేటప్పుడు దాని పలకను కూడా ఫొటో తీసి, ఫోనులో దాచుకోండి. కోళ్ల వలను మాత్రం ఆ ఫలితం కాగితం చేతికి వచ్చిన తరువాతే విప్పండి.